లుసియానే కోసం కొట్టిన నారబట్ట

పొద్దున్నే ఎవరైనా చాప కడుక్కుంటుంటే మనం పెద్దగా పట్టించుకోం. శుభ్రత గల మనుషులని మెచ్చుకుని దాటిపోతాం. మా టోంగా దేశపు హాపాయి దీవుల్లో ఇంటింటా చాపలే కాబట్టి మాకది మరీ మామూలు విషయం. కానీ పదకొండేళ్ల పిల్ల, ఇంట్లోవాళ్లు లేవకముందే, తను పడుకున్న చాపను తనే నీళ్ల తొట్టి వెనక్కి ఈడ్చుకెళ్లి కడుగుతోందంటే మాత్రం ఆగి చూడాలి. లుసియానే తల్లి అకనేసి ఆగి చూసింది, కాకపోతే మూడు వారాలు ఆలస్యంగా.

"ఏమిటే ఇది?"

"వాన పడిందమ్మా. కప్పు కారింది."

ఆ దీవిలో నెల రోజులుగా చినుకు లేదు. తొట్టిలో నీళ్లు అడుగంటి, స్నానాలు కూడా సముద్రంలోనే చేస్తున్నారు. అకనేసి కూతురి కళ్లలోకి చూసింది. పిల్ల కళ్లు దించుకుంది. తల్లి ఇంకేమీ అడగకుండా చాప రెండో కొస పట్టుకుని ఎండలో ఆరేసింది. ఎవరికైనా తెలిస్తే పరువు పోతుందనుకుంది. పరువు మాట అటుంచి పిల్ల మాట ఆలోచించి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది.

ఆ గురువారం లుసియానేకి ఆరో తరగతి పరీక్ష. మా టోంగాలో ఆరో తరగతి పరీక్షంటే ఒక్క పిల్ల రాసేది కాదు, ఊరంతా రాసేది. రాజధానిలోని పెద్ద హైస్కూల్లో సీటు ఆ మార్కులతోనే వస్తుంది. సీటొచ్చిన పిల్లల పేర్లు రేడియోలో చదువుతారు. పేరు వినిపించిన ఇంట్లో పంది తెగుతుంది, వినిపించని ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. మా ఊరి నుంచి పేరు వినిపించి తొమ్మిదేళ్లయింది. ఈసారి అందరి చూపూ లుసియానే మీదే ఉంది.

అందరూ సాయం చేశారు. సాయం చేయనివాడు పాపాత్ముడు. తండ్రి పౌలియాసి పిల్ల ఈతకు వెళ్లడం మాన్పించాడు. పంతులు శుక్రవారం శుక్రవారం చిన్న పరీక్ష పెట్టి మార్కులు గట్టిగా చదివాడు. పాస్టరుగారు ఆదివారం ప్రార్థనలో ఆమెను పేరు పెట్టి నిలబెట్టారు. దారిన పోయేవాళ్లు కూడా "ఏమ్మా, బాగా చదువుతున్నావా?" అని అడగనిదే దాటలేదు. ప్రేమే అంతా. రోజుకు పాతికసార్లు అడిగే ప్రేమ ఎలా ఉంటుందో అడిగించుకున్న పిల్లకే తెలుసు.

వీళ్లందరినీ మించింది మేనత్త కలోలైనే. మాలో మేనత్తంటే మాటలు కాదు. తమ్ముడి ఇంట్లో పెళ్లైనా చావైనా ఆమె మాటే మాట. పౌలియాసి ఆరడుగుల మనిషి, అక్క గుమ్మంలోకి వస్తే లేచి పక్కకు తప్పుకుంటాడు. పైగా కలోలైనే మంచి మనిషి. చెడ్డదైతే ఎదిరించవచ్చు, మంచివాళ్లతోనే చిక్కు.

ఆవిడ ఆరుగురు ఆడవాళ్లను చర్చి హాల్లో కూర్చోబెట్టి నారబట్ట కొట్టించడం మొదలుపెట్టింది. నానబెట్టిన బెరడును దుంగ మీద పరిచి కొయ్య సుత్తులతో బాదుతారు. "యాభై అడుగులు రావాలి! దాని పేరు చదివిన రోజు చర్చి నుంచి ఇంటిదాకా పరుస్తా. నా మేనకోడలు రాణీగారిలా దాని మీద నడిచిరావాలి" అని ఊరంతా చాటింది. ఆ హాలు పక్కనే బడి. లుసియానే లెక్క చేస్తుంటే ఠక్ ఠక్, వ్యాసం రాస్తుంటే ఠక్ ఠక్. ఇంకా రాయని పరీక్షకు సన్మానం అలా తయారవుతూ వచ్చింది.

మూడు వారాల కిందట ఒక మధ్యాహ్నం పిల్ల వాళ్లకు టీ, రొట్టెలు తెచ్చింది. లోపల నవ్వులు వినిపిస్తుంటే గుమ్మంలోనే నిలబడింది.

"ఇంత బట్ట కొడుతున్నాం, పిల్ల తప్పిందనుకో, దీన్నేం చేస్తాం?" అని ఎవరో అన్నారు.

హెలెని అనే ఆవిడ, నోటికి తాళం లేని మనిషి, వెంటనే అందుకుంది. "ఏం చేస్తామేమిటి, దాచిపెడదాం. ముసలమ్మ పోయినప్పుడు చుట్టడానికి పనికొస్తుంది!"

హాలంతా పగలబడి నవ్వింది. కలోలైనే కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. చావు మీద జోకులు మాకు కొత్త కాదు. కానీ ముసలమ్మ అంటే లుసియానే నాయనమ్మ. ఆర్నెల్లుగా దగ్గుతోంది. పిల్ల రోజూ ఆమె పక్కనే పడుకుంటుంది. పరీక్ష తప్పితే బట్ట మిగిలిపోతుంది, బట్ట మిగిలితే నాయనమ్మ పోతుంది. పిల్ల లెక్క అలా తేలింది. నవ్వకండి. పదకొండేళ్ల వయసులో మీ లెక్కలూ ఇలాంటివే, మరిచిపోయారంతే. ఆ రాత్రి నుంచే చాప తడవడం మొదలైంది.

బుధవారం సాయంత్రం బడి వదలగానే లుసియానే ఇంటికి వెళ్లలేదు. తిన్నగా రేవుకు వెళ్లింది. అక్కడ ఆమె మేనమామ లిసియాటే వల బాగుచేసుకుంటున్నాడు.

"మామా, రేపు తెల్లారకముందే నువ్వు వేటకెళ్తావు కదా, నన్నూ తీసుకెళ్లు."

"రేపా? రేపు నీకు పరీక్ష కదమ్మడూ!"

"అందుకే."

లిసియాటే చేతిలో దారం ఆగిపోయింది. "మీ నాన్నకు చెప్పావా?"

"నాన్నకు చెప్పొద్దు. నేను అడుగుతున్నా మామా. నేనడిగితే నువ్వు కాదనకూడదు."

నిజమే, కాదనకూడదు. తండ్రి ఇంటి మీద మేనత్తకు ఎంత అధికారమో, మేనమామ ఇంటి మీద మేనకోడలికి అంత అధికారం. అతని పందిని తోలుకుపోయినా, దుంపల తోట మొత్తం తవ్వుకుపోయినా అతను నవ్వుతూ ఇవ్వాల్సిందే. మామూలుగా పిల్లలు ఏ పుచ్చకాయో, కోడిపుంజో అడుగుతారు. ఈ ఆచారాన్ని పట్టుకుని ఒక పిల్ల పారిపోవడానికి దారి అడుగుతుందని మా పెద్దలెవరూ అనుకోలేదు.

"సరే. తీసుకెళ్తా" అన్నాడు లిసియాటే. "ఎందుకో మాత్రం చెప్పు. అడిగే హక్కు నాకు లేదులే. ఊరికే అడుగుతున్నా."

పిల్ల ఒక్క ఊపిరిలో అంతా చెప్పింది. సుత్తుల చప్పుడు, హెలెని మాట, నాయనమ్మ దగ్గు, తడిసే చాప. చెప్పడం అయ్యాక ఏడవను కూడా లేదు. పడవ పక్కన ఇసుకలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది, ఆ రాత్రి అక్కడే ఉండిపోతానన్నట్టు. లిసియాటే ఆమె చేతికి దారం ఉండ ఇచ్చి, చిక్కు తీస్తుండమని చెప్పి అకనేసి ఇంటికి పరుగెత్తాడు. మాలో ఎదిగిన తమ్ముడు అక్క ఇంట్లోకి చొరవగా వెళ్లడు. పెరట్లోనే నిలబడి, నేల చూపులు చూస్తూ విషయమంతా చెప్పాడు.

"మాటిచ్చానక్కా. నాలుగింటికి పడవ తీస్తా. మళ్లీ శనివారందాకా రాం. ఆచారం నేను తప్పను. వాళ్ల నాన్నకు చెప్పొద్దంది గానీ అమ్మకు చెప్పొద్దనలేదు, అందుకే వచ్చా. ఈలోగా నువ్వేం చేస్తావో చెయ్యి."

అకనేసి ఒక్కొక్కరినీ తలుచుకుంది. భర్తకు చెబితే? పిల్ల వీపు చిట్లుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. అక్క మాట మీద అతను నోరెత్తలేడు. పంతులుకు చెబితే రేపు రావాల్సిందేనంటాడు. చెప్పాల్సింది ఒక్కరికే. పద్నాలుగేళ్ల కాపురంలో ఆ ఒక్కరి ముందు అకనేసి గొంతు పెంచి మంచినీళ్లు కూడా అడగలేదు.

హాల్లో సుత్తులు మోగుతున్నాయి. బట్ట చివరి ముక్క దుంగ మీద ఉంది. అకనేసి గుమ్మం దాటి నడి హాల్లోకి వచ్చి, తల వంచుకుని నేల మీద కూర్చుంది.

"వదినా, ఆ సుత్తులు ఆపించండి."

ఒక్కొక్కటిగా చేతులు ఆగాయి. కలోలైనే కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమన్నావు?"

"ఆపించమన్నాను. పిల్ల రేవులో ఉంది. రేపు పరీక్షకు రాదట. వాళ్ల మామ పడవలో పోతుందట."

"పోతుందట! చూస్తూ ఊరుకున్నావా? నా తమ్ముడి బిడ్డను నీ తమ్ముడు సముద్రంలోకి తీసుకుపోతే నువ్వు ఇక్కడికొచ్చి నాకు కబురు చెబుతున్నావా? తల్లివేనా నువ్వు?"

అకనేసి లేచి వెళ్లిపోలేదు. "మూడు వారాలుగా అది చాప తడుపుతోంది వదినా. పరువు పోతుందని నేను దాచాను. ఆ తప్పు నాది. ముసలమ్మకు చుట్టడానికి పనికొస్తుందని మీరంతా నవ్వారే, ఆ రోజు అది గుమ్మంలోనే ఉంది. తను తప్పితే నాయనమ్మ చచ్చిపోతుందనుకుంటోంది. ఇది మీ బట్ట, మీ ఇష్టం. నేను చెప్పాల్సింది చెప్పాను."

హెలెని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కలోలైనే చేతిలోని సుత్తిని కాసేపు చూసి, పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి లేచింది. ఆవిడది భారీ శరీరం. ఇసుకలో నడవాలంటే ఆయాసం. ఆ సాయంత్రం రేవు దాకా ఎక్కడా ఆగలేదు. అకనేసి వెనకే పరుగెత్తింది.

మేనత్తను చూడగానే లుసియానే పడవ చాటుకు జరిగింది. లిసియాటే లేచి మధ్యలో నిలబడ్డాడు.

"తప్పుకో నాయనా. కొట్టడానికి రాలేదు" అని కలోలైనే పిల్ల ఎదురుగా ఇసుకలో చతికిలబడింది. ఊపిరి అందడానికి కొంతసేపు పట్టింది. "రేపు వెళ్తున్నావటగా?"

పిల్ల తల ఊపింది.

"అయితే నేనూ వస్తా. చోటుందా?"

"నువ్వెక్కితే పడవ మునుగుతుందత్తా" అంది పిల్ల. సరదాకు అన్నది కాదు, నిజంగానే భయపడి అంది. లిసియాటే నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"మునిగితే ఇద్దరం ఈదుదాం. నీకు ఈత బాగా వచ్చుగా." కలోలైనే పిల్ల వైపు ఇంకాస్త జరిగింది. "చూడమ్మా. నాయనమ్మది ముసలి దగ్గు. నువ్వు పాసైనా దగ్గుతుంది, తప్పినా దగ్గుతుంది. ఆవిడ ఎప్పుడు పోతుందో దేవుడికి తెలుసు, నీ మార్కులకు తెలీదు. ఆ రోజు హెలెని అన్నది వెధవ మాట. విని నవ్వాను చూడు, నాది ఇంకా వెధవ బుద్ధి. నన్ను క్షమించు."

మేనత్త మేనకోడలిని క్షమించమనడం మా దీవిలో ఎవరూ విని ఎరగరు. అకనేసి ఏడ్చేసింది.

"మరి బట్టో?" అని అడిగింది పిల్ల.

"ఈ రాత్రే మీ ఇంట్లో పరుస్తా. నాయనమ్మా నువ్వూ దాని మీదే పడుకోండి."

"తడిస్తే?"

"తడిస్తే ఆరేసుకుంటాం. అది నీ కోసం కొట్టింది. నీ పేరు రేడియోలో చదవాలని నేను దానికి మెలిక పెట్టాను. ఆ మెలిక తీసేశా. రేపు బడికెళ్తావో, చేపలకెళ్తావో నీ ఇష్టం. మీ నాన్న సంగతి నేను చూసుకుంటా."

పిల్ల దారం చిక్కు తీస్తూ కూర్చుంది. పెద్దలు ముగ్గురూ, ఎన్నడూ లేనిది, నోరు మూసుకుని ఎదురుచూశారు. ఆఖరుకు చేతిలోని దారం ఉండ మామకు ఇచ్చి, "ఆకలేస్తోంది" అంది. మూడు వారాల్లో ఆ పిల్ల అడిగి తినడం అదే మొదలు. ఆ రాత్రి కర్రపెండలం, చేపల పులుసు కడుపునిండా తిని మాట్లాడుతూనే నిద్రపోయింది. నాలుగింటికి లిసియాటే వాకిట్లోకి వచ్చి ఇచ్చిన మాట ప్రకారం పిలిచాడు. "నువ్వెళ్లు మామా, నేను బడికే వెళ్తా" అని పిల్ల అటు తిరిగి పడుకుంది.

ఆమెకు ఎన్ని మార్కులొచ్చాయి, పేరు చదివారా లేదా అని అడగాలనిపిస్తోంది కదూ? నేను చెప్పను. ఇంతా విని మనకు మొదట ఆ ప్రశ్నే వచ్చిందంటే, ఆ జబ్బు మా హాపాయిలోనే కాదు, అందరిలోనూ ఉందన్నమాట.

మరుసటి ఏడాది ఇంకొకరి పిల్లవాడు ఆరో తరగతికి వచ్చాడు. వాడి బంధువులు పందిని ముందే ఎంచిపెట్టుకుని, చర్చి హాల్లో గొప్పగా చెప్పుకుంటున్నారు. కలోలైనే లేచి నిలబడింది.

"ఆ పందిని రేపే కోయండి. పిల్లాడికి పెట్టండి. ఫలితాలొచ్చేదాకా ఆగకండి" అందావిడ. "గెలిస్తేనే నువ్వు మావాడివి అన్నట్టు పెంచారంటే, ఓడిపోయిన రోజున వాడు ఎవరి గడప తొక్కాలి?"