మూకుడెక్కని పట్టిక

మాస్టారు తయారుచేసిన పట్టికలో ఎనిమిది నూనెలున్నాయి. కొబ్బరి, వేరుశనగ, నువ్వులు, ఆవాలు, పొద్దుతిరుగుడు, తవుడు, ఆలివ్, అవిసె. ఒక్కోదానికి ఎదురుగా గుండెకి చెరుపు చేసే కొవ్వెంత, మేలు చేసే కొవ్వెంత, విటమిన్లెన్ని అని గళ్లు. చెంచాడు నూనె ఇచ్చే శక్తి మాత్రం అన్నిటికీ ఒకటే. ఆ గడిలో ఎనిమిదిసార్లూ అదే అంకె వేస్తూ ఆయన తనలో తాను నవ్వుకున్నాడు. చివరికి అవిసె నూనెకి మొదటి స్థానం వచ్చింది. ఒకటో తారీకు నుంచి ఆ గుండె ఆసుపత్రి వంటశాలలో వేపుడైనా పులుసైనా అవిసె నూనెతోనే చెయ్యమని ఉత్తర్వు వెళ్లింది.

ఒకప్పుడు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పాడు గనక అందరికీ ఆయన మాస్టారే. ఆసుపత్రి పరీక్షశాలలో చేరి పద్దెనిమిదేళ్లు. భార్య పోయి రెండేళ్లు. ఆ రెండేళ్లలో ఆయన ఇష్టంగా కూర్చుని చేసిన మొదటి పని ఈ పట్టికే.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడో అంతస్తుకి వెళ్లాడు. అక్కడ ఆయన బావ ఒక ఆపరేషన్ అయి, రెండోదానికి ఎదురుచూస్తున్నాడు. పళ్లెం ఎలా వచ్చిందో అలాగే ఉంది.

"మళ్లీ తినలేదా బావా?"

"తిన్నాన్రా. రొట్టె అంచులు తిన్నాను. మధ్యది నీకోసం అట్టేపెట్టాను."

"గుండెకి ఇంతకంటే మంచి నూనె లేదు బావా."

"కాదన్నానా? కానీ గుండెకి పోవాలన్నా నోటిమీదుగానే పోవాలి కదా. మీ అక్కని చేసుకున్నందుకు నలభై ఏళ్లు శిక్ష అనుభవించాను. ఇంకా మిగిలుందని ఎవడూ చెప్పలేదు."

మంచం పక్కన కూర్చున్న అక్క తలెత్తకుండానే, "మనిషి సగమయ్యాడు గానీ నోరు మాత్రం గింజంత తగ్గలేదు," అంది.

మాస్టారు నవ్వాడు గానీ మంచానికి తగిలించిన కాగితం చూడగానే నవ్వు ఆగిపోయింది. బావ బరువు నాలుగు కిలోలు పడిపోయింది. ఒంట్లో సత్తువ లేకపోతే వచ్చే వారం ఆపరేషన్ చెయ్యలేమని, ఆలస్యమైతే ప్రమాదమని డాక్టరు పొద్దున్నే చెప్పి వెళ్లాడట. ఆ పట్టిక తనదేనని చెప్పడానికి మాస్టారుకి నోరు రాలేదు.

కిందికొచ్చేసరికి పరీక్షశాల గుమ్మంలో పెద్దవంటావిడ నిలబడి ఉంది. ఆవిడని అందరూ గరిటమ్మ అంటారు. చేతిలో చిన్న మూకుడు.

"మాస్టారూ, మీరు రాసిచ్చింది తిండికా, తలుపులకి రంగెయ్యడానికా?"

మూకుడు బల్లమీద పెట్టింది. లోపలంతా బంకగా, తేనెరంగులో ఒక పొర. ఆయన గోటితో గీరాడు. ఊడలేదు. అచ్చం వార్నిష్.

అవిసె నూనె గాలి పీల్చుకుని బిగుసుకుంటుందని, బొమ్మలు వేసేవాళ్లు రంగుల్లో కలిపేది అందుకేనని ఆయన కాలేజీలో ఎన్నిసార్లు చెప్పలేదు? పట్టికకి జతచేసిన రెండో పేజీలో రాశాడు కూడా. వేడికి తాళదు, డబ్బా తెరిస్తే త్వరగా చెడుతుంది, పచ్చిగా మాత్రమే వాడాలి.

"రెండో పేజీ ఒకటుందమ్మా," అన్నాడు చిన్నగా.

"అది మీ దగ్గరుంది. నా దగ్గర పొయ్యుంది. మా ఆఫీసరుగారు నాకు పంపింది ఒక్క పేజీ."

"ఆయనతో నేను మాట్లాడతాను."

"నేను మాట్లాడేశాను. డబ్బాలమీద తేదీ ఇంకా ఐదు నెలలుంది, ఉన్నవి అయిపోయాకే మార్పంట. తెరిచిన మూడోరోజుకే వాసన తిరుగుతోంది బాబూ అంటే, ముక్కు చెప్పిన మాట ఫైల్లో పెట్టలేనన్నాడు."

మాస్టారుకీ లోపల ఒక మూల అనుమానం ఉంది. అలవాటులేని వాసన కదా, చెడిపోయిందనిపిస్తుందేమో. "రేపు పొద్దున రండమ్మా. ముక్కు చెప్పింది నిజమైతే దాన్ని అంకెల్లోకి దించుదాం," అన్నాడు.

వంటశాల కింద ఐదు అంతస్తుల్లోనూ ఉన్న చిన్న వంటగదుల్లో ఐదు డబ్బాలు వేరువేరు రోజుల్లో తెరిచారు. మర్నాడు ఆయన తలా కాస్త ఐదు గాజు గిన్నెల్లో పోసి, అడుగున అంకెలు అంటించి, వరస కలిపేశాడు. గరిటమ్మ కళ్లు మూసుకుని ఒక్కోటీ వాసన చూసింది. మధ్యమధ్య తన చీరకొంగు వాసన చూసుకుంది.

"అదెందుకు?"

"పలక తుడవకుండా ఇంకో అక్షరం రాస్తారా మాస్టారూ?"

గిన్నెల్ని మంచిదాన్నించి చెడ్డదాకా వరసగా జరిపింది. మూడు, ఒకటి, ఐదు, రెండు, నాలుగు. అంతా కలిపి కాఫీ తాగినంతసేపు పట్టలేదు.

ఆయనకి గంటన్నర పట్టింది. గాజుగొట్టంలోంచి చుక్కచుక్కగా మందు వదులుతూ, నీలంరంగు మాయమయ్యేదాకా చూడాలి. ఎన్ని చుక్కలు పడితే నూనె అంత చెడినట్టు. మూడు, ఒకటి ఆవిడ చెప్పినట్టే వచ్చాయి. నాలుగు అన్నిటికంటే అధ్వాన్నం, అదీ సరే. మధ్యలో మాత్రం ఐదోది రెండోదానికంటే ఎక్కువ చెడినట్టు తేలింది.

"ఒక్కచోట తేడా వచ్చిందమ్మా."

ఆవిడ రెండు గిన్నెలూ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఐదోది ఇంకోసారి చూడండి. అది మంచి పిల్ల. మీరే ఏదో చేశారు."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఐదో నూనె పోసిన గాజుకుప్పె కిటికీలో ఎండపొడన నిలబడి ఉంది. వెలుతురు తగిలితే ఆ లెక్క తప్పుతుందని మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి నీడలో. చుక్కలు తక్కువే పట్టాయి. ఐదోది వెళ్లి ఆవిడ పెట్టిన చోటే కూర్చుంది.

మాస్టారు గాజుగొట్టాన్ని కాసేపు అలా పట్టుకునే ఉండిపోయాడు. ఇంట్లో సగం ఉన్న నూనెడబ్బా మూత తీసి, ఒక్కసారి వాసన చూసి, "ఇది ఇక తలుపు బందులకే," అనేది ఆయన భార్య. బంగారంలాంటి నూనె పారేస్తున్నావని ఆయన ఎన్నోసార్లు వాదించాడు. ఆవిడ వాదించేది కాదు, బందులకి పోసేది. ఆ ఇంట్లో ఒక్క తలుపూ ఎన్నడూ కిర్రుమనలేదు.

"ఏంటి మాస్టారూ, కళ్లు?"

"ఏం లేదమ్మా. మందు ఘాటు."

ఆవిడ ఆ మాట నమ్మినట్టే తలూపి, ఫ్రిజ్ వైపు చూపు మార్చింది. అద్దం తలుపు వెనక ఎనిమిది గాజునాళాలు. పట్టికలోని నూనెలే, నిన్న పెట్టాడు. కొబ్బరినూనె తెల్లటి కొవ్వొత్తిలా గట్టిపడింది. వేరుశనగ, ఆలివ్ మసకబారాయి. అవిసె నూనె మాత్రం ఇప్పుడే పిండినట్టు తళతళలాడుతోంది.

"ఇంత చలికి ఇది గడ్డకట్టలేదేం?"

"కొబ్బరిచెట్టు ఉండే నేలమీద చలి రాదు. దాని నూనె గట్టిపడుతుందన్న భయం లేదు. అవిసె చలికి ఓర్చే మొక్క. మట్టి మంచులా ఉన్నా గింజలో నూనె కదలాలి. మొలకకి అదే మొదటి ముద్ద. ఆకు వేసేదాకా తన తిండి తను వండుకోలేదు కదా."

గరిటమ్మ నాళం చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తిపట్టుకుంది. అటూ ఇటూ వంచి చూసింది.

"దారిబత్తెం అన్నమాట," అంది చివరికి. "ఏ దారిన పోయే బిడ్డకి ఆ దారికి తగ్గట్టు కట్టిచ్చింది తల్లి. బిడ్డ మొహమైనా చూడదే." నాళం దించి, "చలికి అంత ఓర్చేది పొయ్యికి ఓర్చుకోలేకపోయింది పాపం," అంది.

చలిలో దాన్ని కదిలించే గుణమే పొయ్యిమీద దాన్ని పాడుచేస్తుందని ఆయన పుస్తకాల్లో చదివాడు, పాఠం చెప్పాడు, పరీక్షల్లో ప్రశ్న ఇచ్చాడు. ఆ సన్నటి నాళంలో ఒక తల్లి ఉందని మాత్రం ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తోచలేదు. ఎనిమిది గళ్లలో తను అంకెలు వేసింది ఎవరెవరో కట్టిన మూటలకా అనుకున్నాడు.

కొత్త కాగితం ఒక్క పేజీలోనే రాశాడు. వేపుళ్లకి వేరుశనగ, తాలింపుకి నువ్వులు. అవిసె నూనె నల్లసీసాలో చల్లటిచోట ఉంచి, పొయ్యి దించాక మనిషికో చెంచా. కింద ఐదు డబ్బాల అంకెలు, వాటి పక్కన ఇంకో వరస. ఆ వరసమీద 'పెద్దవంటావిడ పరీక్ష' అని రాశాడు. ఆఫీసరు రెండు వరసలూ వేలుపెట్టి పోల్చి చూసుకుని, మారుమాటాడకుండా సంతకం చేశాడు. తెరిచిన డబ్బాలు ఆసుపత్రి వడ్రంగి దగ్గరికి వెళ్లాయి.

ఆ సాయంత్రం బావ పళ్లెంలో వేయించిన బంగాళాదుంపలు, ఉడికించిన చిక్కుడుగింజలు, వాటిమీద పచ్చినూనె మెరుపు. బావ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఇంకోటి పెట్టుకున్నాడు. అక్క పళ్లెంవైపే చూస్తోంది.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు బావ, తింటూనే.

మాస్టారు మంచం అంచున కూర్చున్నాడు. "బావా, ఆ పాత పట్టిక రాసింది నేనే."

"తెలుసురా. గరిటమ్మ మొదటిరోజే చెప్పింది."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఫిర్యాదు రాయమని నర్సమ్మ కాగితం కూడా ఇచ్చింది. కింద నీ సంతకం ఉన్నదానిమీద నేనెలా రాస్తాను? రెండేళ్ల తరవాత నువ్వు ఒక పని గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పావు, ఈ నూనెల గురించే. ఇంకో రెండురోజులు ఓర్చుకుందామనుకున్నాను."

బావ రొట్టెముక్కతో పళ్లెం అంచులు తుడుచుకుంటున్నాడు. అడుగున ఒకచోట పచ్చినూనె మిగిలి, కిటికీ వెలుతురులో తళుక్కుమంది. రొట్టె అక్కడికీ వెళ్లింది.

"ఇంకాస్త ఉందేమో కనుక్కోరా," అన్నాడు బావ.

మాస్టారు పళ్లెం తీసుకుని వంటశాలకి మెట్లు దిగాడు. దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు, అందులో ఏమీ లేకపోయినా.