మీటరు తగిలించిన మేకు

ముందే ఒప్పేసుకుంటున్నా. ఈ కథలో తప్పు చేసినావిడంటేనే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం. రాస్తున్నంతసేపూ ఆవిడ్ని ఎక్కడో ఒకచోట వెనకేసుకొద్దామనే చూశాను. నావల్ల కాలేదు. మీవల్ల అవుతుందేమో చూడండి.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ అది. అందులో చివరి హాలు ఇస్త్రీ హాలు. పైన రేకులు, కింద వరసగా బల్లలు, ప్రతి బల్ల మీదకీ పైనుంచి దిగే ఆవిరి గొట్టం, దాని చివర ఇస్త్రీ పెట్టె. పెట్టె మీద మీట నొక్కితే బుస్సుమని ఆవిరి చొక్కాలోకి కొంత, మనిషి మొహంలోకి మిగతాది పోతుంది. అక్కడ పనిచేసే అమ్మాయిల్లో ఒకమ్మాయిని అందరూ పొడుగు అంటారు. ఎందుకో చూస్తే తెలిసిపోతుంది. సొంత పేరుతో పిలిస్తే ఆ అమ్మాయి వెంటనే పలకదు కూడా. పైన వాతావరణం ఎలా ఉందే అని పక్క బల్లలవాళ్ళు రోజూ అడుగుతారు. మీకంటే జానెడు ముందే ఉడుకుతున్నా అని పొడుగు రోజూ అదే జవాబు చెబుతుంది. రోజూ నవ్వుతారు. పనిచేసే చోట జోకులకి పాతబడటం ఉండదు.

పొడుగుని ఈ పనిలో పెట్టింది వాళ్ళ పిన్ని. తల్లి పోయినప్పుడు పొడుగుకి ఇంకా స్కూలు కూడా పూర్తి కాలేదు. పిన్ని వచ్చి ఏడవమని చెప్పలేదు, ఏడవొద్దనీ చెప్పలేదు. తను ఉండే గది పక్క గదే అద్దెకి మాట్లాడి, సామాను మోయించి, ఆ రాత్రికి అన్నం వండి పెట్టింది. తర్వాత ఫ్యాక్టరీకి తీసుకొచ్చి చెయ్యి పట్టుకుని కాలరు ఎలా నొక్కాలో నేర్పింది. కొనల నుంచి మధ్యకి రావాలి, మధ్య నుంచి కొనలకి పోతే ముడత మూలకి చేరి కూర్చుంటుంది అని. పొడుగు చెయ్యి తిరిగేనాటికి పిన్ని పెట్టె వదిలేసి ఆ హాలుకే సూపర్‌వైజరైంది. హాలంతా సంతోషించింది. మనమ్మాయికి వచ్చింది కుర్చీ అన్నారు, పిన్ని అమ్మాయి వయసు దాటి చాలా కాలమైనా.

పోయినేడాది ఎండలకి ఒకావిడ కళ్ళు తిరిగి వేడి బల్ల మీదే పడింది. చెయ్యి మోచేతిదాకా కాలింది. ఆ రోజు అందరూ పెట్టెలు దించేసి బయట కూర్చున్నారు. మేనేజరు వచ్చి బతిమాలాడు, బెదిరించాడు, మళ్ళీ బతిమాలాడు, ఆఖరికి దారికొచ్చాడు. హాల్లో వేడి కొలిచే మీటరు పెడతారు. అంకె గీత దాటితే ఎర్రలైటు వెలుగుతుంది, సైరన్ మోగుతుంది. అప్పుడు అందరూ వరండాలో కూర్చోవచ్చు, ఆ సేపటికీ జీతం పడుతుంది. ఎర్రలైటు రాకుండా కూర్చుంటే మాత్రం ఎవరి ఖర్మ వాళ్ళది. ఒకసారికి కోత, రెండోసారికి ఇంకొంచెం కోత. మూడోసారి నెలజీతాల పట్టీలోంచి పేరు తీసేసి గేటు దగ్గర రోజుకూలీల వరసలోకి పంపేస్తారు.

మరి మీటరు ఎవరి చేతిలో ఉండాలి? మేనేజరు చేతిలో ఉంటే ఉన్నా లేనట్టే. మనవాళ్ళలో ఒకరుండాలని అందరూ పట్టుబట్టారు. పొడుగు లేచి, మా పిన్నికివ్వండి, ఆవిడ మీద నాకున్న నమ్మకం నా మీద నాక్కూడా లేదు అంది. అందరూ చేతులెత్తారు.

ఆ ఏడాది మీటరు హాలు మధ్య స్తంభానికి ఉండేది. మోగాల్సినప్పుడల్లా మోగింది. వానలు పడ్డాక గోడలకి రంగులు వేయించారు, స్తంభానికున్న మేకు పీకేశారు. పిన్ని మీటరుని అవతలి చివర, నమూనా చొక్కాలు దాచే శాంపిల్ రూమ్ తలుపు పక్కన తగిలించింది. స్తంభం దగ్గర ఆవిరి కొట్టి మీటరు పాడవుతుందట. నిజమే కదా అనుకున్నారు. అనుకోకపోవడానికి ఏముంది?

ఈ ఏడాది ఎండలు పోయినేడాది ఎండల్ని నవ్వులాటగా చేసేశాయి. రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకునేది. రేకుల కింద ఆవిరి ఎటూ పోక అక్కడే తిరిగేది. అయినా మీటరు ఒక్కసారీ ఎర్రబడలేదు. ఎవరికైనా నీరసంగా ఉంటే, వెళ్ళి ఒకసారి మీటరు చూసుకు రామ్మా అనేది పిన్ని. చెమటలు కక్కుతూ ఆ చివరికి వెళ్ళేవాళ్ళు. అంకె గీతకి బాగా కిందే ఉండేది. విచిత్రమేంటంటే, అక్కడ నిలబడి చూస్తుండగానే ప్రాణం లేచొచ్చేది. చెమట ఆరేది, గుండె దడ తగ్గేది. ఇంత మాత్రానికే గోల చేశానా అని సిగ్గుపడుతూ బల్ల దగ్గరికి వచ్చేసేవాళ్ళు. హాల్లో అందరికంటే పెద్దావిడ, అందరూ పెద్దత్త అంటారు, ఆ మీటరుకి డాక్టరుగారని పేరు పెట్టింది. చూసొస్తే చాలు, మందు కూడా రాయక్కర్లేదు అనేది.

పొడుగుకి మాత్రం ఆ డాక్టరు ఎక్కువసేపు పనిచేసేవాడు కాదు. బల్ల దగ్గరికి రాగానే మళ్ళీ చెవుల్లో హోరు, కాళ్ళు తేలిపోవడం. ఒకసారి కూర్చుంది, కోత పడింది. ఇంకోసారి కూర్చుంది, ఇంకో కోత. మూడోది మిగిలింది. మీటరేమో చల్లగానే ఉందంటోంది, చుట్టూ ఉన్నవాళ్ళు నిలబడే ఉన్నారు. కాబట్టి తేడా తన ఒంట్లోనే ఉందని తేల్చుకుంది. పెద్ద జబ్బేదో తగులుకుందని భయం పట్టుకుంది.

పిన్నే సెలవు పెట్టి క్లినిక్‌కి తీసుకెళ్ళింది. పనిచేసే చోట బాగా వేడా అని డాక్టరమ్మ అడిగితే పిన్నే అందుకుంది. అబ్బే, అంత వేడేం లేదండీ, మీటరు కూడా పెట్టుకున్నాం అని. రక్తం తీస్తుంటే పొడుగు చూడకుండా పిన్ని అరచేత్తో ఆ అమ్మాయి కళ్ళు మూసింది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. బలానికి మాత్రలు రాసిచ్చారు. బయటికొచ్చాక పొడుగు, ఏమీ లేకపోతే మరి ఇలా ఎందుకవుతోంది పిన్నీ అని ఏడ్చేసింది. పిన్ని చల్లటి సోడా కొనిచ్చి, వీపు నిమిరి, మీ అమ్మకీ ఒంట్లో రక్తం తక్కువేనే, ఆ పోలిక నీకొచ్చింది అంది.

పొడుగు ఆ మాటని జాగ్రత్తగా దాచుకుంది. అమ్మ గురించి కొత్తగా ఒక సంగతి తెలియడం అంటే మాటలు కాదు. జబ్బైనా సరే, అమ్మది.

తర్వాత కొన్నాళ్ళకి శాంపిల్ రూమ్‌లో ఏసీ బాగా పనిచేయట్లేదని మెకానిక్ వచ్చాడు. దాన్ని దించి, విప్పి, బయట పైపు పెట్టి కడుగుతున్నాడు. హాల్లో పని సాగుతోంది. ఉన్నట్టుండి సైరన్ మోగింది. ఆ చప్పుడు విని ఎంత కాలమైందంటే, నిప్పంటుకుందనుకుని ఒకావిడ తలుపు వైపు పరిగెత్తింది. మిగతావాళ్ళకి అర్థమయ్యేసరికి మొహాలు వెలిగిపోయాయి. పెట్టెలు దించుతున్నారు, కొంగులతో మొహాలు తుడుచుకుంటున్నారు. ఈలోపు పిన్ని ఉరుకుతూ వచ్చి మీటరు అందుకుని ఆపేసింది.

"ఇది లెక్కలోకి రాదమ్మా. ఏసీ దించారు, అందుకని మోగింది. సాయంత్రానికి బిగించేస్తారు, పని చూడండి."

అందరూ ఉసూరుమని మళ్ళీ పెట్టెలు ఎత్తారు. ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. పొడుగు చేతిలో పెట్టె మాత్రం కాలరు మీదకి దిగకుండా గాల్లో ఆగిపోయింది. శాంపిల్ రూమ్‌లో ఏసీ దించితే ఇస్త్రీ హాల్లో మీటరు ఎందుకు మోగుతుంది?

చూసొస్తానని చెప్పి ఆ చివరికి నడిచింది. మేకు కింద నిలబడింది. ప్రాణం లేచి రాలేదు. చెమట ఆరలేదు. తన బల్ల దగ్గర ఎలా ఉందో అక్కడా అలాగే ఉంది. తలుపుకీ గడపకీ మధ్య వేళ్ళు దూరేంత సందుంది. ఇన్నాళ్ళూ తమకి నయం చేసి పంపింది మీటరు కాదు, ఆ సందులోంచి వచ్చిన చల్లగాలి. మీటరు కూడా ఆ గాలిలోనే హాయిగా బతికింది.

దారాల గదిలో పిన్ని ఒక్కతే ఉన్నప్పుడు పొడుగు లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. మీటరు అక్కడ పెట్టమని చెప్పింది మేనేజరా అని అడిగింది. అవునని ఉంటే బాగుండేది. పొడుగు అవుననే మాట కోసమే అడిగింది కూడా.

"ఎవరూ చెప్పలేదు. నేనే పెట్టా" అంది పిన్ని.

తర్వాత ఆగకుండా చెప్పుకొచ్చింది. పోయినేడాది ఎండలు అయ్యాక మేనేజరు పిలిచి, వచ్చే ఏడాదీ ఇలాగే కూర్చుంటే ఇస్త్రీ పని బయటికిచ్చేస్తామని అన్నాడట. అక్కడ మిషన్లే చేస్తాయట, అవి కూర్చోవట. ఇంతమందికి ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? పెద్దత్తకి ఎవరిస్తారు? ఆలోచించి ఆలోచించి మేకు మార్చింది. అందరికీ జీతాలొస్తున్నాయి, ఎవరూ చావలేదు కదా అంది. చెప్పడంలో తడబాటు లేదు. లోపల చాలాసార్లు చెప్పుకున్నట్టుంది.

పొడుగుకి ఆ లెక్క కొంత అర్థమైంది. నన్నడిగితే నాక్కూడా అర్థమైంది. కానీ పొడుగు అడగాలనుకున్నది అది కాదు.

"మరి నన్ను డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళావు?"

"భయపడుతున్నావుగా."

"నాకు జబ్బు లేదని నీకు తెలుసు."

"తెలుసు."

"అమ్మకి రక్తం తక్కువన్నావు."

పిన్ని దారపు ఉండ ఒకటి తీసి, దాన్నే మళ్ళీ అదే చోట పెట్టింది. "ఏదో ఒకటి చెప్పాలి కదే అమ్మాయ్."

నీ సంగతి నేను చూసుకుంటా, ప్యాకింగ్‌లో ఫ్యాను కింద చోటు ఇప్పిస్తా, ఈ విషయం మాత్రం నీలోనే ఉంచుకో అని చెయ్యి పట్టుకోబోయింది. కాలరు నేర్పిన చెయ్యే. పొడుగు వెనక్కి తీసుకుంది.

మర్నాడు పని మొదలై హాలు వేడెక్కాక పొడుగు తన పెట్టె ఆపేసి బల్ల పక్కన నేల మీద కూర్చుంది. మూడోసారి. పక్కవాళ్ళు, లేవవే, గేటుకి పంపిస్తారు అని కంగారుపడ్డారు. పొడుగు కూర్చునే మొత్తం చెప్పింది. తలుపు సందు, చల్లగాలి, మేకు, అన్నీ. నిలబడి చెబితే వినరని కాదు, నిలబడే ఓపిక లేక.

పిన్ని మీద ఎవరైనా అరుస్తారనుకుంది. ఎవరూ అరవలేదు. పెద్దత్త, "అయితే నాకు గుండె జబ్బు లేదా?" అంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా గుండెకని మాత్రలు కొనుక్కుని మింగుతోందట. ఒకావిడ తనకేదో జబ్బుందనుకుని, తన పాలు మంచివి కావని పిల్లకి మాన్పించేసింది. ఇంకొకావిడ నీరసానికి ఇంటాయన సోమరితనం అని పేరు పెట్టాడు, తనూ ఒప్పుకుంది. ఎవరి జబ్బు వాళ్ళు కొంగున కట్టుకుని పక్కపక్కనే నిలబడి చొక్కాలు నొక్కారు.

మీటరు ఇమ్మని పెద్దత్త చెయ్యి చాపింది. పిన్ని గోడ మీంచి తీసి ఇచ్చేసింది. గోడకున్న మేకు పీకి స్తంభానికి కొట్టారు. తగిలించిన కాసేపటికే అంకె ఎగబాకి గీత దాటింది. సైరన్‌కి హాలంతా దద్దరిల్లింది. ఒక్కొక్కరూ పెట్టెలు దించి వరండాలోకి నడిచారు.

మేనేజరు వచ్చాడు. సైరన్ మోగాక కూర్చున్నవాళ్ళని ఏమీ అనలేడు, ఒప్పందం అది. అందుకని ఆయన చూపు పొడుగు మీద ఆగింది. ఈ అమ్మాయి ముందే కూర్చుందని విన్నానే అన్నాడు. వరండాలో ఒక్కసారిగా లేదని గొడవ లేచింది. ఆయన చెయ్యెత్తి అందరినీ ఆపి పిన్ని వైపు తిరిగాడు. మీటరు బాధ్యత మీది, మీరు చెప్పండి, సైరన్‌కి ముందా, తర్వాతా?

పొడుగు పిన్ని మొహంలోకి చూసింది. నెలల తరబడి గోడకి తగిలించిన అబద్ధం ముందు ఈ ఒక్క ముక్క ఎంత? తర్వాతేనండీ అంటే చాలు. నిన్నటి కోపం ఉన్నా, ఆ మాట వస్తుందనే అనుకుంది. రక్తం తీసినప్పుడు కళ్ళు మూసిన మనిషి కదా.

"ముందేనండి" అంది పిన్ని.

ఇన్నాళ్ళకి, సరిగ్గా అప్పుడే, ఆవిడకి నిజం చెప్పాలనిపించింది.

పొడుగు ఇప్పుడు గేటు దగ్గర రోజుకూలీల వరసలో నిలబడుతోంది. పిలిచిన రోజు చొక్కాలు నింపిన అట్టపెట్టెలు మోసి లారీలోకి ఎక్కించాలి. నీడ లేదు, మీటరు లేదు. ఎండ మరీ ముదిరితే లారీ ఆలస్యమవుతుంది, లారీ రాకపోతే ఆ రోజు కూలి లేదు. లోపల సైరన్ మాత్రం ఇప్పుడు రోజూ మోగుతోంది. మోగినప్పుడల్లా ఇస్త్రీ హాలు మొత్తం వరండాలోకి వస్తుంది, పిన్నితో సహా. ఆవిడకీ హక్కుంది. పెద్దత్త గేటుదాకా నీళ్ళు తెచ్చిస్తుంది. మొదటిరోజు సైరన్ వినగానే అలవాటుగా పొడుగు చేతిలో పెట్టె కింద పెట్టబోయింది. లోడింగ్ చూసే మనిషి నవ్వాడు. "అది లోపలివాళ్ళకమ్మా" అన్నాడు.

పొడుగు పెట్టె మళ్ళీ ఎత్తుకుంది. వరండా వైపు చూడలేదు. అక్కడ్నుంచి ఎవరో తనని చూస్తున్నారని మాత్రం తెలుస్తూనే ఉంది.

మీ సంగతేంటి? మీ షాపులో, మీ వంటగదిలో, మీ డెలివరీ బండి మీద, ఇది వేడి కాదు, నీ ఒంట్లోనే లోపం అని మీకూ ఎవరైనా నచ్చజెప్పారా? చెబితే కింద రాయండి, నేను అన్నీ చదువుతాను. చెప్పినవాళ్ళ పేరు అక్కర్లేదు. మీకు ఏమవుతారో రాయండి చాలు.