హోప్ ఆగిన చోటు

ఆట ఆగలేదు. ఆగింది హోప్.

ఆ సంగతి నాకు వెంటనే తట్టలేదు. తెర మీద ట్రాలీ బండి కొబ్బరితోట మధ్య పట్టాల మీద దూసుకుపోతోంది. చెట్ల వెనక సూర్యుడు. ఒక్కో మాను దాటినప్పుడల్లా వెలుగు, నీడ, వెలుగు, నీడ. ముందు మలుపు వస్తోంది. హోప్ చెయ్యి కీబోర్డు మీదే ఉంది కాని వేలు కదల్లేదు. బండి తిన్నగా వెళ్లి గోడకు గుద్దుకుంది. గుద్దుకున్నాక కూడా ఆమె తెర వైపే చూస్తోంది. కనురెప్పలు మాత్రం సన్నగా కొట్టుకుంటున్నాయి.

బయట సైరన్ మోగుతోంది. మేముండే సార్నియా ఊళ్లో సోమవారం మధ్యాహ్నం సైరన్ మోగితే ఎవరూ తలెత్తరు. కెమికల్ ప్లాంట్లలో ప్రమాదం జరిగితే ఊరికి చెప్పడానికి పెట్టారు దాన్ని. పనిచేస్తోందో లేదోనని ప్రతి సోమవారం మోగిస్తారు. కొత్తలో ఆ మోతకు హోప్ ఉలిక్కిపడి నా భుజం పట్టుకునేది. ఇప్పుడు చెవిన పడినట్టే లేదు.

"హోప్! ఏంటే, నిద్రపోయావా?"

ఆమె తల తిప్పింది. "మీ ఆటలో బగ్ ఉంది జెస్సీ. మలుపు రాకుండానే గోడ వచ్చేసింది," అని నవ్వింది. "రాసుకో. నా పేరు కూడా వెయ్యి."

నేను రాసుకున్నాను. తప్పులు పట్టడమే నా ఉద్యోగం. భీమవరంలో ఉండగా మా అమ్మ, "నీకు దేంట్లోనూ మంచి కనపడదే," అని సణిగేది. కెనడా వచ్చాక దానికే జీతం ఇస్తున్నారు. కోదండరామ్ గారని మిస్సిసాగాలో ఒకాయన చిన్న కంపెనీ పెట్టి, బ్రౌజర్‌లో ఆడుకునే ఆటలు తయారుచేయిస్తుంటారు. కాలేజీకి వెళ్లే పిల్లల్ని ఏరి మరీ పనిలో పెట్టుకుంటారు. మా తెలివితేటలు చూసి కాదు, మా ల్యాప్‌టాప్‌లు చూసి. "మా ఆఫీసులో అన్నీ కొత్త మెషిన్లమ్మా. వాటి మీద ఏదైనా పరిగెడుతుంది. ఆడేవాళ్ల దగ్గర ఉండేవి మీలాంటి డొక్కువే," అని మొహం మీదే చెప్పారు.

పని కష్టమైనది కాదు. ఆటలో దీపాలు, మెరుపులు, నీడలు, ఎండ ఉంటాయి. వాటిని కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. ఎక్కడ బొమ్మ తడబడుతుందో, ఎక్కడ ఆగి ఆగి కదులుతుందో చూడాలి. తెర మూల ఒక గీత నడుస్తూ ఉంటుంది. ఆట సాఫీగా నడిస్తే గీత తిన్నగా ఉంటుంది, తడబడితే కిందికి పడుతుంది. నేను గీత చూడాలంటే ఇంకొకరు ఆడాలి. అందుకని నా రూమ్మేట్ హోప్‌ని కూర్చోబెట్టాను.

మర్నాడు కోదండరామ్ గారు ఫోన్ చేశారు. "నువ్వు పంపిన రికార్డింగు చూశాను. అక్కడ ఏ బగ్గూ లేదమ్మాయ్. గీత చూడు, ఎంత తిన్నగా ఉందో. ఎండ ఫుల్లుగా పెట్టినా నీ డొక్కు మెషిను తట్టుకుంది. ఆడిన మనిషే ఒక్క కీ కూడా నొక్కలేదు. ఫోన్ చూసుకుంటూ ఉండుంటారు."

"ఫోన్ చూడలేదు అంకుల్. నేను పక్కనే ఉన్నాను."

"అయితే పగటికలలు కంటున్నారేమో."

"ఆ చెట్ల మధ్య ఎండ చూస్తే కళ్లకి ఏమీ అవ్వదా?"

"కొందరికి పడదంటారు. ఫిట్స్ అవీ వస్తాయట. ఆఖర్న ఒక వార్నింగ్ పెడదాంలే. ముందు స్పీడు సంగతి తేల్చు," అని ఆయన పెట్టేశారు.

ఫిట్స్ అంటే నాకు తెలిసింది కింద పడి కొట్టుకోవడం, నోట్లో నురగ, చేతిలో తాళాలగుత్తి పెట్టడం. ఆ సాయంత్రం నెట్‌లో చూస్తే ఇంకో రకం కూడా ఉందని తెలిసింది. మనిషి కింద పడరు. కొన్ని క్షణాలు అలా ఉండిపోతారు, అంతే. మళ్లీ లోకంలోకి వచ్చాక ఆ క్షణాలు పోయాయని కూడా వాళ్లకు తెలియదు. మలుపు రాకుండానే గోడ వచ్చేసిందని హోప్ చెప్పింది అబద్ధం కాదు. మలుపు ఆమెకు నిజంగానే రాలేదు.

అంతవరకు నవ్వుకున్నవన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. పప్పు గరిటె పట్టుకుని మాట మధ్యలో నిలబడిపోవడం, క్లాసులో పిలిస్తే పలక్కపోవడం. "నాకు చిన్నప్పట్నుంచీ పరధ్యానమే," అని తనే చెప్పుకుని నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. ఎంత బుద్ధి లేకుండా నవ్వామో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బుధవారం కాలేజీకి వెళ్తుంటే నేను రోడ్డు చూడలేదు, నడుపుతున్న హోప్‌నే చూస్తూ కూర్చున్నాను. మా ఇంటికి ఒక పాత వ్యాను ఉంది, అందరం కలిసి కొనుక్కున్నది. ఆ ఊళ్లో బస్సును నమ్ముకుంటే బతకలేం. మాలో హైవే ఎక్కగల లైసెన్సు ఉన్నది హోప్ ఒక్కదానికే. మొదటిసారి టెస్టుకే పాసయింది. జాగ్రత్తగా నడుపుతుంది, ఎవర్నీ విసుక్కోదు.

సిగ్నల్ దగ్గర ఆగాం. పచ్చ దీపం పడింది. వ్యాను కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు. నేను ఆమె ముఖం చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో ఎవరూ లేరు.

రెండో హారన్‌కి బండి కదిలించింది. "ఇప్పుడే పడిందిగా, వీడికేం తొందర!" అని విసుక్కుంది. ఆ మాట వింటే నాకు నిజంగా భయం వేసింది.

శనివారం మేమంతా మిస్సిసాగా వెళ్లాలి. అక్కడ తెలుగు సంఘంలో సెమీ క్రిస్మస్. కింద బేస్‌మెంట్‌లో ఉండే సంతోషకుమారి అక్క కూడా వస్తోంది. వాళ్లాయన క్రిస్టఫర్ ఎయిర్‌పోర్టు పక్కన వేర్‌హౌస్‌లో పని చేస్తూ అక్కడే ఉంటాడు. వాళ్ల పాప నాన్న కోసం వారం నుంచి బూట్లు వేసుకుని తిరుగుతోంది. దారంతా హైవే. దారి పొడుగునా పొలాలకు అడ్డంగా చెట్ల వరసలు, డిసెంబరులో చెట్టు నడుము దాటి పైకి రాని సూర్యుడు. వ్యాను నిండా మనుషులు, స్టీరింగు దగ్గర హోప్. నాకు డ్రైవింగ్ రాదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒక్కసారి కనపడితే దాన్ని తప్పనరు. మళ్లీ వచ్చేలా చేసి చూపించాలి. గురువారం హోప్ తలకు నూనె రాసుకుంటూ నా పక్కన కూర్చుంది. నేను కొబ్బరితోట లెవెల్ తెరిచి, ఎండ ఫుల్లుగా పెట్టి, "ఒక్కసారి ఆడవే," అనడానికి నోరు తెరిచాను. ఆమె నూనె చేతులు తుడుచుకుని, "ఇలా ఇవ్వు," అంది. ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది. ల్యాప్‌టాప్ మూసేసి, ఛార్జింగు లేదని చెప్పాను.

శుక్రవారం సాయంత్రం వంటింట్లో చెప్పేశాను. చూసింది, చదివింది, సిగ్నల్ దగ్గర జరిగింది అంతా.

హోప్ మొదట నవ్వింది. తరువాత నవ్వలేదు.

"నాకు చిన్నప్పుడు ఫిట్స్ ఉండేవని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నిజంగా ఉండేవా?"

"ఉండేవి. పోయాయి. ఆరో క్లాసులో ఉండగా నరసాపురం స్వస్థత కూటాల్లో నాకోసం ప్రార్థన చేశారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా పడలేదు. స్టేజీ ఎక్కి నేనే సాక్ష్యం చెప్పాను జెస్సీ. ఊరు ఊరంతా విన్నారు. నువ్వూ చర్చిలో పెరిగినదానివేగా, సాక్ష్యం అంటే ఏంటో తెలీదా?"

తెలుసు. దేవుడు చేసిన మేలును పదిమంది ముందు నిలబడి చెప్పాక, ఆ జబ్బు మళ్లీ వచ్చిందని చెప్పడానికి మా వాళ్లెవరికీ నోరు రాదు. జ్వరం తిరగబెట్టినా దగ్గు అని చెప్పుకుంటారు. నేను అలాంటి ఇళ్లు చాలా చూశాను.

"దేవుడి సంగతి నేను మాట్లాడట్లేదు. డాక్టర్‌కి చూపించుకో అంటున్నాను. రేపు నడపొద్దంటున్నాను."

"డాక్టర్ దగ్గరికెళ్లి ఇలా అని చెప్తే, ఆయన లైసెన్సు ఆఫీసుకి రాసి పంపిస్తాడు, ఇక్కడ అది రూలు, నా లైసెన్సు పోతుంది. నా ఉద్యోగం ఊరవతల. ఎలా వెళ్లను? ఏమీ లేని జబ్బుకి?"

"ఆ బండిలో పాప ఉంటుందే."

ఆమె ముఖం ఎర్రబడింది. "నాకు తెలీదా? పాపని ఎక్కించుకుని నాకేదైనా ఉందని తెలిసే నడుపుతాననుకుంటున్నావా? అలాంటిదాన్నా నేను?"

కాదు. అలాంటిది కాదని నాకు తెలుసు. అయినా, "నువ్వు మానకపోతే సంతోషక్కకి నేనే చెప్తాను," అన్నాను. ఆమె గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

శనివారం పొద్దున్న కింద వ్యాను ఇంజను ఆన్ చేసి ఉంది. సంతోషక్క కేకు డబ్బాలు సర్దుతోంది. దూరంగా ప్లాంటు గొట్టం మీద మంట గాలికి ఒక పక్కకి వాలి మండుతోంది. నేను దిగబోతుంటే హోప్ నన్ను గదిలోకి లాగింది. చేతిలో ఫోను.

"అమ్మని అడుగు. మా అమ్మ అబద్ధం ఆడదు. నేనుంటే నాకోసం చెప్పిందంటావు, అందుకే నేను మాట్లాడను. స్పీకర్‌లో పెట్టు. జబ్బేమీ లేదని అమ్మ చెప్తే నువ్వు నోరు మూసుకుని వ్యాను ఎక్కాలి. సరేనా?"

ఆమె కళ్లలో ఎంత ధైర్యమో! ఆ ధైర్యమే నిజం కావాలని మనసారా కోరుకున్నాను.

"వందనాలు ఆంటీ. నేను జెస్లిన్‌ని."

"వందనాలమ్మా. బాగున్నారా? హోప్ ఏది?"

కింద ఉన్నానని చెప్పమన్నట్టు హోప్ కిటికీ వైపు చూపించింది. "కింద వ్యాను దగ్గరుంది ఆంటీ. మిమ్మల్ని ఒకటి అడగాలి. హోప్‌కి చిన్నప్పుడు వచ్చేవి... ఇప్పుడు పూర్తిగా తగ్గిపోయాయి కదా?"

హోప్ చేతులు కట్టుకుని నిలబడి నవ్వుతోంది. అటునుంచి తలుపు గడియ వేసిన చప్పుడు వినపడింది. తరువాత ఆంటీ గొంతు తగ్గించి అడిగారు.

"ఏం చూశావమ్మా?"

హోప్ నవ్వు ఇంకా పోలేదు. పోవడం చూడలేక నేను ఫోను వైపు తిరిగాను.

"చూస్తూ చూస్తూ ఉండిపోయింది ఆంటీ. పిలిచినా పలకలేదు."

"రెప్పలు కొట్టుకున్నాయా?"

"మీకు తెలుసా?"

"కన్నదాన్ని, నాకు తెలీదా తల్లీ? పెద్దవి మళ్లీ రాలేదు, అది దేవుడి దయ. ఈ చిన్నవి మాత్రం ఏనాడూ ఆగలేదు. సాక్ష్యం చెప్పొచ్చిన రోజే అన్నం ముందు కూర్చుని అలాగే ఉండిపోయింది. అప్పటికే సంఘమంతా చప్పట్లు కొట్టేసింది. మళ్లీ వెళ్లి తగ్గలేదని ఎలా చెప్పను? మందులు మానొద్దని పాస్టరు గారు చెప్తూనే ఉన్నారు. మేమే మానిపించాం. మందు మింగితే సాక్ష్యం అబద్ధం అయిపోద్దని."

నేను ఫోను మీదనుంచి కళ్లు ఎత్తలేదు.

"దానికి తెలీదమ్మా. ఆ కాసేపూ ఏం జరిగిందో దానికి గుర్తుండదు. చెప్తే విశ్వాసం పోద్దని ఇంట్లో ఎవర్నీ చెప్పనివ్వలేదు. పరధ్యానం అని పేరు పెట్టాం. స్కూల్లో టీచర్లు కొడితే కొట్టించుకుందిగాని, జబ్బని చెప్పలేదు. కారు నేర్చుకున్నానని ఫోటో పంపిన కాడ్నుంచి నాకు ముద్ద దిగట్లేదు. నీకు దండం పెడతాను, పక్క సీట్లో నువ్వే కూర్చో. అలా అయిందంటే స్టీరింగు పట్టుకో. దానికి మాత్రం చెప్పకు. చెప్పనని మాటివ్వు. జెస్లిన్? ఉన్నావా అమ్మా?"

హోప్ వేలు వచ్చి ఫోను కట్ చేసింది.

కింద సంతోషక్క హారన్ కొడుతోంది. హోప్ జేబులోంచి వ్యాను రెండో తాళం తీసి నా చేతిలో పెట్టింది. "అక్కకి చెప్పు, మనం వెళ్లట్లేదని. పాపకి ఏదో ఒకటి నేనే చెప్తాను," అంది. గొంతు మామూలుగానే ఉంది. మంచం మీద కూర్చుని గోడ వైపు చూసింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపొస్తోంది. ఆమెకు రావడం లేదు.

గోడ వైపే చూస్తూ, "జెస్సీ," అంది. "అమ్మ మాట్లాడుతున్నంతసేపూ నన్నే చూస్తున్నావా?"

"ఎందుకే?"

"మధ్యలో ఏమైనా పోయిందేమోనని. నేను మొత్తం విన్నానా?"

ఆంటీ మాట్లాడినంతసేపూ నేను ఫోను వైపే చూస్తూ ఉన్నాను. ఆమెను చూడలేదు. విన్నావని గాని, వినలేదని గాని చెప్పలేకపోయాను.