కంపెనీ కలర్

పని బాగాలేదని మార్కులు కోస్తే ఓర్చుకోవచ్చు. మరీ బాగుందని కోస్తే ఎవరితో చెప్పుకోవాలి? తహసీన్‌కు సరిగ్గా అదే జరిగింది. పోయినేడు హైదరాబాద్‌లో పాత కార్ల పోటీకి నాగయ్య తన గుండ్రటి ముక్కు కారును తీసుకెళ్తే, జడ్జి డిక్కీ మూత ఎత్తి, లోపల టార్చి కొట్టి, పెదవి విరిచాడు. "ఇది కంపెనీ కలర్ కాదు. కనబడని చోట కంపెనీవాళ్లు ఇంత నున్నగా ఏనాడూ కొట్టలేదు" అన్నాడు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న బండ్ల వరుసలోంచి ఆ కారును తీసి పక్కన పెట్టించాడు. అద్దంలో ముఖం చూసుకునేంత సాఫుగా ఆ డిక్కీ లోపల రంగు కొట్టింది తహసీనే.

నాగయ్యకు ఇచ్చోడలో పత్తి మిల్లు ఉంది. మాట కటువైనా మనసు వెన్న అంటారు గానీ, ఆ వెన్నను రుచి చూసినవాళ్లు ఎవరూ కనబడరు. ఈ ఏడు పోటీ దగ్గర పడుతుండగా బండిని కరీంనగర్ తెచ్చి తహసీన్ షెడ్డు ముందు ఆపాడు.

"చూడు బిడ్డా, నువ్వు మంచిగనే కొట్టినవ్. గని నాకు మంచిగ అద్దు, అప్పుడు ఎట్లుండెనో గట్ల గావాలె. ఈసారి గూడ పక్కకు పెట్టిన్రంటే బండి పట్నం షెడ్డుకు పోతది. ఆడిపిల్ల చేతికిస్తే గిట్లనే అయితదని నలుగురు అననే అంటున్నరు."

ఆ చివరి మాటకు తహసీన్ ఒళ్లు భగ్గుమంది. రంగు పొగ ఊపిరితిత్తులకెక్కి, రంగు కొట్టే గన్ ముట్టొద్దని డాక్టరు తండ్రి ఫజలుద్దీన్‌కు గట్టిగా చెప్పినప్పటి నుంచి షెడ్డు నడిపేది ఆమే. ఆడమనిషి కార్లకు రంగు కొట్టుడేందని నవ్వినవాళ్లే తర్వాత బండ్లు తెచ్చి వరుసలో నిలబడ్డారు. ఇప్పుడు ఒక్క డిక్కీ మూత మీద ఆ పేరంతా మట్టిలో కలుస్తుందా? "పక్కకు పెట్టనియ్య సేటూ, నాది పూచీ" అంది.

అనడమైతే అంది. కంపెనీవాడు ఎలా కొట్టాడో ఎవరికి తెలుసు? నాగయ్య బండికి ఇప్పటికే ఎందరో పెయింటర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు రంగులేశారు. పాత రంగు ఆనవాలు కూడా మిగల్లేదు. ఎవరూ ముట్టని బండి ఒకటి దొరకాలి. అడగ్గా అడగ్గా, జైనూర్‌లో సక్కుబాయి అనే ముసలామె ఇంటి వెనక అదే రకం కారు ఏండ్లుగా పడి ఉందని ఒక లారీ డ్రైవరు చెప్పాడు. తహసీన్ బస్సులు మారుకుంటూ జైనూర్ చేరింది.

కారు ఉంది. అందులో కోళ్లూ ఉన్నాయి. డిక్కీ మీద చెయ్యి వేయగానే సక్కుబాయి ఇంట్లోంచి కేకేసింది. "నెమ్మది బాయీ! లోపట కోడి పొదుగుతున్నది. మా పుండాకోరు కోడి, నా మాటే ఇనది."

చెప్పినట్టే మూత ఎత్తగానే కోడి ఎగిరి తహసీన్ ముంజేతి మీద కసిగా పొడిచింది. తహసీన్ చెయ్యి దులుపుకుని తల లోపలికి పెట్టింది. మూత లోపలి వైపు కంపెనీ రంగు చెక్కుచెదరకుండా ఉంది. పల్చటి రంగు, మూలల్లో సున్నం పొడిలా గరుకు. ఎడమ కీలు దగ్గర రంగు వేలెడంత పొడవున కారి, కొసన చుక్క కట్టి ఎండిపోయింది. దాన్ని ఎవరూ రుద్దలేదు.

చాలాసేపు ఆ చుక్కనే చూసింది. మొదట, ఎవడో పనిదొంగ అనుకుంది. తర్వాత అర్థమైంది. మూతను బండికి బిగించక ముందే కొక్కేనికి వేలాడదీసి, కీలు దగ్గర గన్ మొదలుపెట్టి, ఒకే ఊపులో కొట్టి, వెనక్కి చూడకుండా తర్వాతి మూతకు పోయారన్నమాట. అలా కొడితే కీలు మడతలో రంగు చేరి, ఏ మూతైనా అక్కడే కారుతుంది. ఇది ఒక్కడి తప్పు కాదు, వాళ్లు పనిచేసిన తీరు. "దొరికినవ్ రా!" అని గట్టిగానే అంది. సక్కుబాయి బిత్తరపోయి చూసింది.

తిరిగొచ్చాక మొదలైంది అసలు పరేషాన్. ఫజలుద్దీన్ దగ్గర పని నేర్చుకున్న చెయ్యి అది. "కలర్ కారిందంటే ముక్కు కారినట్టే బేటా, తుడుచుకోకుండ జనంలకు పోతమా?" అనేవాడాయన. చుక్క కారితే, తడిపి రుద్దే గరుకు నీళ్ల కాగితం చేతిలో పెట్టేవాడు. వేళ్ల కొసలు ఊడేదాకా రుద్దితే, చూసి "ఊ" అనేవాడు. ఆ "ఊ"ను మించిన మెప్పు తహసీన్ ఎరగదు. ఇప్పుడు నాగయ్య బండి మూతను ఊడదీసి, వేలాడదీసి గన్ పట్టుకుంటే, రంగు ఉబ్బే వేళకు చెయ్యి దానంతటదే పక్కకు జరిగిపోతోంది. లేదా గుడ్డ అందుకుంటోంది. కావాలని ఎక్కువ కొడితే, కావాలని కొట్టినట్టే కనబడుతోంది. "యా అల్లా, తప్పు చేసుడు గూడ నేర్సుకోవాల్నా!" అని తిట్టుకుంది. కొట్టడం, చెరపడం, మళ్లీ కొట్టడం. పంతం పట్టిన మనిషికి అలుపెక్కడిది? ఆఖరికి ఒకసారి కుదిరింది. కీలు మడతలోంచి చుక్క జారి, సక్కుబాయి కారులో లాగే ఆగింది. తహసీన్ ఊపిరి బిగబట్టి గన్ పక్కన పెట్టింది.

మర్నాడు డిక్కీ అంచుకు వేసే రబ్బరు బీడింగు కోసం బజారుకు వెళ్లొచ్చేసరికి షెడ్డులో ఫజలుద్దీన్ స్టూలు మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. పక్కన నీళ్ల గిన్నె, అందులో కాగితం. కీలు దగ్గర నున్నగా ఉంది.

"అల్సిపోయి చూసుకోలేదు గదా బేటా. కారింది. రుద్ది సాఫ్ చేసిన. ఇగ ఫికర్ లేదు."

తహసీన్ చేతిలో బీడింగు కింద పడింది. "అబ్బా! గా చుక్క కోసం జైనూర్ దాక పోయిన! కోడితోని పొడిపిచ్చుకున్న! ఎంత పని జేసినవ్!"

"చుక్క కోసమా?" అన్నాడాయన, కూతురికి మతి పోయిందేమో అన్నట్టు చూస్తూ.

ఆమె కంపెనీ సంగతి, కొక్కెం సంగతి చెప్పింది. విన్నాడు గానీ తల ఊపలేదు. "కంపెనోడు కారగొట్టిండని నువ్వు గూడ కారగొడ్తవా? పదిమందిల నీ పని జూసి ఎవడన్న నవ్వితే నేను బతుకుతనా? బోర్డు మీద పేరు నాదున్నది."

"అయితే నీ పేరు తీసెయ్యి. నాది రాస్త."

నోరు జారాక నాలుక కరుచుకుంది. ఫజలుద్దీన్ స్టూలు పట్టుకుని లేచి, మెల్లగా బయటికి వెళ్లిపోయాడు. తహసీన్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే మూతను మళ్లీ కొక్కేనికి తగిలించింది. తెల్లారితే బండి బయల్దేరాలి.

రంగు కలిపి గన్ ఎత్తేసరికి వెనక అడుగుల చప్పుడైంది. ఫజలుద్దీన్ ముక్కుకు, నోటికి తడి రుమాలు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. పొమ్మన్నా పోడని ఆమెకు తెలుసు. కీలు దగ్గర మొదలుపెట్టి ఒక్క ఊపులో కిందికి లాగింది. మడతలో రంగు చేరింది, ఉబ్బింది, జారడానికి తయారైంది. ఎన్నేళ్ల అలవాటో, ఆమె ఎడమ చెయ్యి గుడ్డ కోసం లేచింది.

ఆ మణికట్టును ఫజలుద్దీన్ పట్టుకున్నాడు. ఆయన చెయ్యి కూడా ఆ గుడ్డవైపే పోబోయి ఆగిందని ఆ పట్టులోనే తెలిసిపోయింది.

"ఆగు బేటా" అన్నాడు రుమాలు వెనక నుంచి. "కారనియ్యి."

పోటీలో పోయినేటి జడ్జే వచ్చాడు. మూత ఎత్తాడు. టార్చి వెలుగు మూలల్లో తిరిగి, ఎడమ కీలు దగ్గర ఆగింది. చుక్క మీద వేలు పెట్టి చూసి, "కంపెనీ కలర్" అని రాసుకుని తర్వాతి బండికి వెళ్లాడు. కారు వరుసలోనే ఉండిపోయింది. నాగయ్య మీసం దువ్వుకుని, చేసిందంతా తానే అన్నట్టు జనానికి చెప్పడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం ఎవరో షోకిలా మనిషి డిక్కీలోకి తొంగిచూసి పక్కవాణ్ణి పిలిచాడు. "అగో, కలర్ కారింది సూడు! గీ మాత్రం జూసుకోలే. ఎవలు కొట్టిన్రో గని!" ఇద్దరూ పకపకా నవ్వారు.

బండి అవతల ఉన్న తహసీన్ చప్పున తండ్రి వైపు తిరిగింది. ఆయన డిక్కీ పక్కనే కుర్చీలో ఉన్నాడు. చూస్తుండగానే ఆయన డిక్కీ పట్టుకుని, దగ్గుతూ లేచి నిలబడ్డాడు.

"నా బిడ్డ కొట్టింది" అన్నాడు, వరుసంతా వినబడేంత గట్టిగా. "తహసీన్ అంటరు. కరీంనగర్ మాది. బతుకంత కలరే కొట్టిన నేను, గట్ల కొట్టుడు నాకు గూడ రాదు."

తహసీన్ వంగి, మురికి లేని బంపరును గుడ్డతో తుడుస్తూ కూర్చుంది.