నూకరత్నం కుడి మోకాలు

నేను ఒక మోకాలిని. తల్లి కడుపులో పెరగలేదు. కొలిమిలో కరిగి, నునుపుదేరి, అట్టపెట్టెలో ఆసుపత్రికి వచ్చిన లోహపు కీలును.

విశాఖ రేవులో చేపలమ్మే నూకరత్నం కాల్లో నన్ను అమర్చింది డాక్టర్ శ్రీవత్స. “నన్ను నమ్మమ్మా, మళ్లీ గంపెత్తుతావు” అని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఆమె నమ్మింది. గంపా ఎత్తింది.

ఏడాది తిరిగాక నా చుట్టూ వాపు మొదలైంది. ఆపరేషన్ నాడే నా వెంట వచ్చాయో ఏమో, సూక్ష్మక్రిములు నా ఒంటిమీద జిగురు పొర అల్లుకుని కాపురం పెట్టాయి. నేను నెత్తురు పారని లోహాన్ని కదా; వాటిని తరమడం నావల్ల కాలేదు.

నూకరత్నం శ్రీవత్స దగ్గరికి తిరుగుతూనే ఉంది. ఎక్స్‌రేలో కీలు చక్కగా కూర్చుందనేవాడు. రక్తపరీక్షలో చెప్పుకోదగ్గదేమీ లేదనేవాడు. సూది వేసి మోకాల్లో నీరు మాత్రం పరీక్షకు తీయించలేదు. ఆయనిచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు మింగినన్నాళ్లు వాపు అణిగేది, మానగానే తిరగబెట్టేది. చివరికి, నొప్పి కాల్లో కాదు, మనసులో ఉందన్నాడు. ఇంట్లోవాళ్లూ ఆ మాటే పట్టుకున్నారు. ఆమె నన్ను అరచేత్తో నొక్కుకుంటూ, “నిన్ను నమ్మినాను గదే” అంది.

ఆమె చెల్లెలు ఇంకో ఆసుపత్రిలో డాక్టర్ అనీస్ ఫాతిమాకు చూపించింది. ఆవిడ ముందు మాత్రలు మాన్పించింది. ఒంట్లో మందుంటే క్రిమి పరీక్షకు దొరకదట. కొన్నాళ్లాగి నా పక్కనున్న నీటిని సూదితో తీసి ల్యాబుకు పంపింది. ఇలాంటి క్రిములు నిదానంగా పెరుగుతాయని, తొందరపడి ఆ నీటిని పారబోయవద్దని ల్యాబువాళ్లకు గట్టిగా చెప్పింది. క్రిమి దొరికింది. నన్ను తీసేసి, చీము కడిగి, పుండు మానాక కొత్త కీలు వేయాలి.

నూకరత్నం ఎదుటే ఫాతిమా శ్రీవత్సకు ఫోన్ చేసింది. స్పీకర్లోంచి ఆయన గొంతు తాపీగా వినిపించింది: “నొప్పి ఉందని ఆవిడ నాకు ముందే చెప్పాల్సింది.”

ఆపరేషన్ కాగితం మీద సంతకం అడిగితే నూకరత్నం కలం పట్టుకుని ఆగింది.

“రేపు మల్లా నొప్పెడతందంటే నువ్వు నమ్ముతావా, తల్లీ?”

“నమ్ముతానమ్మా” అంది ఫాతిమా.

అప్పుడు సంతకం పెట్టింది.

మర్నాడు నన్ను తీసి స్టీలు పళ్లెంలో పడేశారు. ఆమె బరువంతా మోశాను గానీ, ఆమె తరఫున ఒక్క మాట చెప్పలేకపోయాను.