పేగుల మీద పొర

తాను తిన్న పళ్ళెం తానే తోముకుంటూ దేవకి కొట్టం గుమ్మంలో కూర్చుంది. రెండో కాన్పు గనుక పుట్టింటికి పంపలేదు. పశువుల కొట్టంలో ఓ మూల తడిక కట్టి, గోనెసంచులు పరిచి తల్లీబిడ్డల్ని అందులో పడేశారు. గోదావరి మీద నుంచి మంథనిలోకి వీచే చలిగాలి ఆ తడికకు ఆగుతుందా? పసిపిల్లకు దగ్గు పట్టుకుంది. పొద్దున వచ్చిన డాక్టరు మందిచ్చి, పిల్లను వెచ్చని గదిలో ఉంచమని మరీ మరీ చెప్పి పోయాడు.

"అంటు పోకుండ గడప దాటొద్దు. ఎల్లుండితోటి అయిపాయె, గంతలనే ఏం మునుగుతది?" అంది అత్త సీతాబాయి, అంత దూరాన నిలబడి.

భర్త ఉపేందర్‌రావు ఇంకాస్త దూరాన నిలబడ్డాడు. "జర ఓపిక పట్టు దేవకీ. అవ్వ సంగతి నీకెరుకే గద."

ఓపికట! దేవకికి ఒళ్ళు మండిపోయింది. తను ఓపిక పట్టకపోతే ఈ మనిషి అక్కడ నిలబడి ఉండేవాడా? శ్రీలంకకు పోయిన పటాలంలో ఉండగా పొట్టలో తూటాలు దిగాయి. మిలిటరీ ఆస్పత్రిలో వేసిన కుట్లు నిలవలేదు. పేగులు బయటికే కనిపించేవి. అప్పుడు సర్జన్ కాన్పుల వార్డులో ఒకామెను అడిగి, మాయతో పాటు వచ్చే పలుచని పొరను శుభ్రం చేయించి ఆ పేగుల మీద కప్పాడు. అది పాడైనప్పుడల్లా కొత్త పొర, కొత్త తల్లి. దాని కిందే మెల్లగా కండ పెరిగింది, ఆ కండ మీద తొడ చర్మం అతికించారు. ఆ చీము తుడిచింది, ఆ కంపులో కూర్చుని అన్నం తిన్నది దేవకే. సీతాబాయి ఒక్కసారి వచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూసి పోయింది. ఇంటికొచ్చే రైల్లో ఉపేందర్‌రావు అడిగిందల్లా ఒకటే: "గా పొర ముచ్చట అవ్వకు చెప్పకు. మనాది పెట్టుకుంటది."

చెప్పలేదు. అత్త ఆయన్ని దేవుడి గదిలో కూర్చోబెట్టి పూజ చేయిస్తుంటే చూస్తూ ఊరుకుంది. పేరైనా తెలియని ఆ బాలింతల్ని వాళ్ళ ఇళ్ళల్లో ఏ మూల పడుకోబెట్టారోనని మాత్రం అప్పుడప్పుడూ అనుకునేది.

పిల్ల మళ్ళీ దగ్గింది. ఈసారి ఆగలేదు, మొహం కందిపోయింది. దేవకి పిల్లను గుండెకు హత్తుకుని లేచింది.

"అత్తమ్మా, మీ కొడుకు పేగులు కప్పింది బాలింతల మాయ పొర. ఒక్కదానిది గాదు. ఏ కులపోళ్ళని ఎవ్వరు అడగలే. గా పొర కిందనే ఆయన కండ పెరిగింది."

సీతాబాయి, కాదంటాడేమోనని కొడుకు మొహంలోకి చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

దేవకి ఇద్దరి మధ్య నుంచి నడిచి, గడప దాటి, భర్త మంచం మీద పిల్లను పడుకోబెట్టి రగ్గు కప్పింది. లోపలి నుంచే, గొంతు పెంచకుండా అంది:

"నా అంటు ఎల్లుండి పోతది. మీది ఎన్నడు పోతదో మీ అవ్వను అడుగుండ్రి."