తెరచాప కింద వంట

బందరులో ఉన్నన్నాళ్లూ భావనారాయణ పాదాలు తడుపుకోవడానికి తప్ప సముద్రం దగ్గరికి వెళ్లిన మనిషి కాదు. రాష్ట్రం ఏర్పడి, కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు నాంపల్లికి వచ్చి పడ్డాక, హుస్సేన్‌సాగరు చూసేసరికి ఆయనకి పడవ పిచ్చి పట్టుకుంది. ఊరు వదిలి వెళ్తున్న ఒక మిలిటరీ ఆఫీసరు దగ్గర పాత తెరచాప పడవ కొనేశాడు. అందులో ముగ్గురు ఒంగి కూర్చునేంత గది, ఒక చిన్న స్టవ్వు, రెండు పరుపులు ఉన్నాయి. భార్య కామాక్షి సంతోషిస్తుందని పడవ పక్కన ఎర్రరంగుతో ఆమె పేరు రాయించాడు.

కామాక్షికి చిక్కులు అప్పుడు మొదలయ్యాయి. ఇంటికొచ్చిన చుట్టాల ముందు ఆయన మామూలుగా, "కామాక్షి ఈమధ్య ఎడమవైపుకి ఒరుగుతోంది" అనేవాడు. "కామాక్షికి పాచి పట్టింది, గీకించాలి" అనేవాడు. చుట్టాలు ఆవిడ వంక జాలిగా చూసేవారు.

ఆ అక్టోబరులో ఒక శనివారం రేడియోలో తుపాను హెచ్చరిక వచ్చింది. మర్నాటికి తీరం దాటుతుందనీ, హైదరాబాదు దాకా ఈదురుగాలులు వీస్తాయనీ చెప్పారు. ఒంటిపూట ఆఫీసు అయ్యాక భావనారాయణ అబిడ్స్‌లో మోకు చుట్టలు కొని, భుజాన వేసుకుని ఇల్లు చేరాడు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఇంటిగలావిడ లక్ష్మీనర్సమ్మ చేట పక్కన పెట్టింది.

"ఏంది సారూ, గన్ని తాళ్లు? బర్రెల్ని గిట్ల కొంటున్నరా ఏంది?"

"తుపాను వస్తోంది పెద్దమ్మా! కామాక్షిని గట్టిగా కట్టెయ్యాలి."

గడపలో నిలబడ్డ కామాక్షిని లక్ష్మీనర్సమ్మ ఎగాదిగా చూసింది. "పాపం, గామెనెందుకు కట్టేసుడు? గామె యాడికి వోతది?"

కామాక్షికి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "ఏమండీ, వంటింటి పెంకులు జారిపోయి ఎన్నాళ్లయింది! తుపానంటున్నారు కదా, ముందు వాటి సంగతి చూడకూడదూ?"

"ఇల్లు నేలమీద ఉంది కామాక్షీ. ఎక్కడికీ కొట్టుకుపోదు. పడవ నీళ్లమీద ఉంది."

 సాయం పట్టడానికి మనిషి కావాలని ఆయన అంటే కామాక్షి కూతురు విద్యావతిని వెంటబెట్టుకుని రిక్షా ఎక్కింది. కాళ్ల దగ్గర ఆయన గోనెసంచిలో ఏదో బరువైనది చుట్టి పెట్టాడు. పడవ సామానే కాబోలనుకుంది.

ఒడ్డున పడవలకి కాపలా ఉండే దుర్గయ్య ఎదురొచ్చాడు. నలుగురూ కలిసి పనిలో పడ్డారు. కొయ్యకున్న తెరచాప విప్పి మడతపెట్టారు. కొయ్యని కూడా దింపి దుర్గయ్య పాకలో దాచారు. తెరచాప మూట, పరుపులు, స్టవ్వు, తెడ్లు రిక్షాలోకి చేర్చారు. గాలికి పడవ రాళ్లకి కొట్టుకోకుండా పక్కల పాత లారీ టైర్లు వేలాడగట్టారు. తర్వాత దుర్గయ్య చిన్న నాటు పడవలో ముందు సాగుతూ, భావనారాయణ ఎక్కిన తెరచాప పడవని ఒడ్డుకి దూరంగా లాక్కెళ్లి లంగరు దింపాడు.

"ఒక్క లంగరు చాలదు" అని భావనారాయణ గోనెసంచి విప్పాడు. అబిడ్స్ పేవ్‌మెంటు మీద కొన్న ఇంగ్లీషు పుస్తకంలోని ముడి ఒకటి జాగ్రత్తగా వేసి, లోపలున్న దాన్ని పడవ అంచు మీదుగా నీళ్లలోకి జారవిడిచాడు.

ఒడ్డున నిలబడి చూస్తున్న కామాక్షి నీళ్ల అంచుదాకా పరుగెత్తింది. "ఏమండీ! అది నా రోలు కదూ?"

"పాతదే కదా! వాడట్లేదు కదా!" అని కేకేశాడు పడవలోంచి.

"పొద్దున్నే దాన్లో చట్నీ నూరాను!"

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా" అన్నాడు దుర్గయ్య. "తుఫాను వోయినంక నేనే తీస్త."

మర్నాడు మధ్యాహ్నం గాలి లేచింది. కామాక్షి పొయ్యిమీద అన్నం పెట్టి, పప్పు తిరగమోత వేస్తుండగా నెత్తిమీద గలగలమని చప్పుడైంది. పెంకులు వరసగా జారి వాకిట్లో పడి పగిలాయి. వాన నేరుగా పొయ్యిలోకి దిగింది. తలెత్తి చూస్తే వంటింటి నిండా ఆకాశమే కనిపించింది.

ఆవిడ గరిటె కింద పెట్టింది. ముందుగదిలోకి వెళ్లి, మంచం కింద భద్రంగా పెట్టిన మూటని ఈడ్చుకొచ్చింది.

"అయ్యో, అది తెరచాప!" అన్నాడు భావనారాయణ.

"తెలుసు. విప్పండి."

లక్ష్మీనర్సమ్మ నిచ్చెన తెచ్చి పట్టుకుంది. భావనారాయణ పైకెక్కాడు. మడత విప్పీ విప్పగానే గాలి అందులో దూరి ఉబ్బించింది. ఆదివారాలన్నీ గాలికోసం కాచుక్కూచున్న మనిషికి ఇప్పుడు పట్టుకోలేనంత గాలి దొరికింది. వాసాన్ని రెండు కాళ్లతో వాటేసుకుని, పళ్లతో తాడు కరిచిపట్టి, తెరచాపతో కుస్తీ పట్టాడు.

"సారూ, జర పైలం! వంటిల్లు లేసి కోఠి దాకా వోతది!" అని అరిచింది లక్ష్మీనర్సమ్మ.

కామాక్షి కింద తాళ్లు అందుకుని, ఒకటి జామచెట్టుకీ, ఒకటి బావి గిలక స్తంభానికీ బిగించింది. విద్యావతి మూడోదాన్ని ద్వారబంధానికి చుట్టింది. కాసేపటికి తెరచాప లొంగింది. వాన దానిమీద డప్పు వాయిస్తోంది గానీ చుక్క లోపలికి రావడం లేదు.

కామాక్షి పొయ్యి తుడిచి మళ్లీ రాజేసింది. తడిసిన కాకిలా కిందికి దిగిన భావనారాయణకి తువ్వాలు ఇచ్చి మంట పక్కన కూర్చోబెట్టింది. లక్ష్మీనర్సమ్మని కూడా అక్కడే భోంచెయ్యమంది. వేడన్నం, పప్పు వడ్డించింది.

"చట్నీ లేదా?" అన్నాడాయన అలవాటు ప్రకారం.

"రోలు చెరువులో ఉంది."

లక్ష్మీనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భావనారాయణ తలొంచుకుని రెండు ముద్దలు తిన్నాడు. ఆ తర్వాత గాలి హోరు వింటూ, ఉండబట్టలేక, "కామాక్షి ఎలా ఉందో ఏమో" అన్నాడు.

"పక్కనే ఉంది" అని ఆవిడ నెయ్యి వేసింది. "కొంచెం తడిసింది, అంతే."

ఈసారి అందరికంటే ముందు ఆయనే నవ్వాడు. నవ్వి, పైన ఖాళీ వాసాల వంక చూసి, "చెప్పావు. నేనే వినలేదు" అన్నాడు మెల్లగా. కామాక్షి ఇంకో గరిటెడు పప్పు వేసింది.

సోమవారం తెల్లారేసరికి వాన వెలిసింది. ఇద్దరూ చెరువు దగ్గరికి వెళ్లారు. పడవ పదిలంగానే ఉంది. మోకాలి లోతున వాననీళ్లు నిండాయి గానీ ఎక్కడా దెబ్బ తగల్లేదు. దుర్గయ్య నాటు పడవలో వెళ్లి, లంగరెత్తి పడవని ఒడ్డుకి లాక్కొచ్చాడు. రోలుకి కట్టిన తాడు మాత్రం ఉత్తదే పైకొచ్చింది.

"ముడి ఊడినట్టుంది సారూ" అన్నాడు దుర్గయ్య నవ్వు దాచుకుంటూ.

భావనారాయణ పెళ్లాం మొహం చూడలేక పడవలోకి దిగి డబ్బాతో నీళ్లు తోడటం మొదలుపెట్టాడు. కామాక్షి కాసేపు ఒడ్డునే నిలబడి చూసింది. తర్వాత కొంగు నడుముకి దోపుకుని, దుర్గయ్య చెయ్యి పట్టుకుని తనూ దిగింది. ఇంకో డబ్బా అందుకుంది. ఎండ వీపుకి వెచ్చగా తగులుతోంది. ఒకరికొకరు ఎదురుగా కూర్చుని నీళ్లు తోడుతూ ఉంటే పడవ కొంచెం కొంచెంగా పైకి లేచింది. ఆఫీసుకి వేళ మించిపోతోందని ఆయనా అనలేదు, ఆవిడా గుర్తు చెయ్యలేదు.